దొంగ మూలుగులు

మార్చి 4

మాట్లాడదామంటే ఈ ఇంట్లో మనిషి లేదు. బుల్లి ఉంది. అందుకే రాసుకుంటున్నాను.

వంటింటి కిటికీ బిగుసుకుపోయింది. మొన్నటి అకాల వానలకి చెక్క ఉబ్బింది. బుల్లి దాన్ని రెండుసార్లు తోసి, "రావట్లేదు వదినా, దాని ఖర్మ" అని వదిలేసింది. ఆవిడ వ్యవహారం ఎప్పుడూ అంతే. పని తనకి చేతకాకపోతే ఖర్మ వస్తువుది. నేను వెళ్ళి రెండు చేతులా పట్టుకుని ఒక్క గుంజు గుంజాను. కిటికీ తెరుచుకుంది. నా వీపు మధ్యలో ఏదో కిటుక్కుమంది. ముందు చప్పుడు, తర్వాత నొప్పి. ఊపిరి లోపలికి పోదు, బయటికి రాదు. గట్టు అంచు పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

వెనక బుల్లి చప్పట్లు కొడుతోంది. "చూశావా, నువ్వు చెయ్యేస్తే వచ్చేస్తుంది!"

ఎముకల డాక్టరు నిన్నగాక మొన్న కాలేజీ వదిలినట్టుంది. 

"ఎక్కడ పడ్డారమ్మా?"

"పడలేదు. కిటికీ తీశాను."

"కిటికీ తీస్తూ జారారా?"

"కిటికీ తీస్తూ కిటికీ తీశాను."

ఎక్స్‌రే దీపం ముందు పెట్టి చూపించింది. వెన్నుపూస ఒకటి ముందువైపు నలిగిపోయి చీలికలా ఉంది. ఎముకలు గుల్లబారాయట. దానికి పైన ఇంకోటి కూడా నలిగి ఉందట, అది పాతదట. "ఎప్పుడో విరిగి అతుక్కుంది. అప్పుడు మీకు నొప్పి తెలియలేదా అమ్మా?"

తెలిసే ఉంటుంది. నడుంనొప్పి లేని ఆడది ఎక్కడుంది! ఆడపిల్లల హాస్టల్లో జీవితమంతా వార్డెన్‌గా చేశాను. నొప్పి అని నేను మంచమెక్కితే ఆ పిల్లలు గోడలెక్కేవాళ్ళు.

వారానికో మాత్ర రాసింది. పొద్దున్నే పరగడుపున, గ్లాసుడు నీళ్ళతో మింగి, అరగంట నిటారుగా కూర్చోవాలి. లేకపోతే గొంతు కాలుతుందట. నిటారుగా కూర్చోగలిగిన మనిషికి ఈ మాత్ర ఎందుకో అడగాల్సింది.


మార్చి 5

తుమ్ము వచ్చింది. ఇవాళ్టికి ఇంతే.


మార్చి 9

బెల్టు వచ్చింది. చంకల కింద నుంచి తుంటి దాకా. గట్టి అట్టముక్కలు, పట్టీలు, గుర్రానికి కట్టే సరంజామా. దాన్ని నాకు నేను కట్టుకోలేను. బుల్లి కట్టాలి. బతికుండగా చూడాల్సినవి ఇంకా ఎన్ని మిగిలాయో.

బుల్లి అంటే మా ఆయన చెల్లెలు. పుట్టినప్పుడు పిడికెడు ఉందని ఆ పేరు పెట్టారట. ఇప్పుడు ఆవిడ లేస్తే కుర్చీ ఊపిరి పీల్చుకుంటుంది. నేను కాపురానికి వచ్చిన రోజు నుంచీ ఉంది. మా అత్తగారు మంచాన పడితే చూసుకుంది, ఆవిడ పోయాక మా ఆయన్ని చూసుకుంది, ఆయనా పోయాక నన్ను చూసుకుంటున్నానని అనుకుంటోంది. పెళ్ళి కాలేదు. అడిగినవాడు లేడు. చదువు అబ్బలేదు, పాట రాదు, అయినా రోజంతా ఏదో కూనిరాగం తీస్తూనే ఉంటుంది, అది ఏ పాటో పాడేదానికే తెలీదు. 

మంచం మీంచి లేవడం కూడా నేర్పి పంపారు నాకు. ఒక పక్కకి మొత్తంగా దొర్లాలి, కాళ్ళు కిందికి వేలాడెయ్యాలి, చేత్తో నెట్టుకుని లేవాలి. దుంగ దొర్లినట్టు, అంది డాక్టరు. ఆ మాట బుల్లి చెవిలో పడింది. అప్పట్నుంచీ పొద్దున్నే గుమ్మంలో నిలబడి, "దుంగ! దుంగ! దుంగలా రా వదినా!" అని కేకలు. కింద వాటా వాళ్ళు కట్టెల అడితి పెట్టామనుకుంటారు.


మార్చి 17

అలమార పై అర అందలేదు. అలమార ఎదగదు. మరి తగ్గింది నేనే. 

బట్టలు ముందువైపు నేలకి జీరాడుతున్నాయి, వెనకవైపు పైకి లేస్తున్నాయి. పక్కటెముకలు పొట్ట మీద వాలి, నాలుగు ముద్దలకే కడుపు నిండిపోతోంది. వీపు పైన చిన్న గూని. చిన్నది అని బుల్లి అంది. దాని కొలతలు నమ్మడానికి లేదు.

వీధిలోకి వెళ్తే ఎదుటివాళ్ళ మొహాలు కనిపించవు, కాళ్ళే. మెడ ఎత్తితే నొప్పి. చెప్పుల్ని బట్టి పోల్చుకుంటున్నాను మనుషుల్ని. పోస్టాఫీసు గుమాస్తా మడమలు అరిగిన బూట్లేసుకుంటాడు, అందుకే ఎప్పుడూ గోడకి ఆనుకుంటాడు. కింద వాటా కోడలు కొత్త చెప్పుల్లో వేళ్ళు ముడుచుకుని నడుస్తుంది, నంబరు చిన్నదైనా కొనేసే రకం. చూడగా చూడగా, మొహాల వల్ల నష్టపోయిందేమీ లేదనిపిస్తోంది.


మార్చి 26

బుల్లికి కొత్త కళ్ళజోడు వచ్చింది. మేడ కింద వీధి వైపు ఉన్న కళ్ళజోళ్ళ దుకాణంలో చేయించుకుంది. ఆ దుకాణం ఆయన స్వయంగా పైకి తెచ్చిచ్చాడు. పెళ్ళాం పోయినవాడు. నాకు ముందు కనిపించినవి బూట్లు. నల్లవి, అద్దంలా తుడిచినవి. అరవై దాటిన మగవాడు బూట్లు అంతలా తుడుచుకున్నాడంటే అనుమానించాలి.

కూర్చోమంటే కూర్చున్నాడు కాబట్టి మొహం కూడా చూశాను. మీసానికి రంగు. జుట్టుకి వెయ్యలేదు. రంగు చాలలేదో, ఓపిక చాలలేదో.

"ఎలా ఉందండీ, దూరం స్పష్టంగా ఉందా?" అని బుల్లిని అడిగాడు.

"ఓ! కిటికీలోంచి ఎదురింటి వాళ్ళ గోడమీద పగుళ్ళు కూడా కనిపిస్తున్నాయి!"

"అది మంచిదే, మీకు వాళ్ళ కంటే ముందు తెలిసింది."

ఇద్దరూ పగలబడి నవ్వారు. ఇందులో నవ్వడానికి ఏముందో నాకైతే కనపడలేదు. నాకూ అద్దాలు మార్చాలేమో.


ఏప్రిల్ 6

బుల్లి కళ్ళజోడు మరలు వదులయ్యాయట. కిందికి వెళ్ళింది.


ఏప్రిల్ 8

మళ్ళీ వదులయ్యాయి.


ఏప్రిల్ 11

ముక్కు దగ్గర నొక్కుతోందట. ఆ ముక్కుకి ఇన్నేళ్ళూ ఏ నొప్పీ లేదు. వెళ్ళి, పొయ్యి మీద పాలు పెట్టిన సంగతి మర్చిపోయి, చీకటి పడేవేళకి వచ్చింది. గిన్నె మాడిపోయింది. నేను లేచి పొయ్యి కట్టేశాను. తిట్టాను. ఎంత తిట్టినా మొహంలో ఆ వెలుగు తగ్గదే! గిన్నె తోముతూ కూనిరాగం.


ఏప్రిల్ 14

బెల్టు కడుతూ, నా వెనక నిలబడి చెప్పింది. మొహం కనపడకుండా చెప్పాలని చూసుకుంది, అంతమాత్రం తెలివి ఉంది.

"వదినా, ఆయన అడిగారు."

"ఏమడిగాడు? కళ్ళజోడు వెనక్కిమ్మన్నాడా?"

"పెళ్ళి."

నవ్వాను. నవ్వకూడదు, పక్కటెముకల్లో పొడుస్తుంది. పొడిచింది. అయినా నవ్వాను.

"అరవై ఆరేళ్ళకా?"

"ఇరవై ఆరుకి ఎవరూ అడగలేదుగా వదినా."

పట్టీ ఇంకో రంధ్రం బిగించింది. అవసరానికి మించి కాదు.

ఆయన ఇల్లు ఊరికి ఆ చివర, వంతెన దాటాక. పెళ్ళయ్యాక అక్కడే. "నువ్వు కూడా వచ్చెయ్యి వదినా. కింద గది ఖాళీగా ఉంది, మెట్లెక్కే పని లేదు. ఆయనే అన్నారు."

పెళ్ళికూతురు వెంట పాత పరుపులా నన్నూ బండెక్కిస్తారట. రానని చెప్పాను. ఆవిడ వెళ్తే వెళ్ళొచ్చు. నాకేం. ఇన్నాళ్ళకి ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది.


ఏప్రిల్ 15

బుల్లి లేకపోతే బెల్టు ఎవరు కడతారు అన్నది ప్రశ్నే కాదు. పనిమనిషి కడుతుంది. 

మేజోళ్ళు కూడా.

వీపు రుద్దడం కూడా.


ఏప్రిల్ 19

ఇవాళ నొప్పి కొంచెం ఎక్కువగా ఉందని చెప్పాను. ఉంది కూడా. నిన్నటికంటే ఎక్కువా తక్కువా అని తూకం వెయ్యడానికి నొప్పేమన్నా కందిపప్పా.

బుల్లి సాయంత్రం కిందికి వెళ్ళలేదు.


ఏప్రిల్ 22

మంచం దిగలేదు. పొద్దున బుల్లి, "ఎక్కడ వదినా? పైనా, కిందా?" అంటే అంతటా అన్నాను. మూలిగాను. గట్టిగా మూలిగితే ఊపిరి సాఫీగా ఆడుతుంది.

హాస్టల్లో దొంగ కడుపునొప్పుల్ని గుమ్మంలోంచే పట్టేదాన్ని. నిజంగా నొప్పి ఉన్న పిల్ల గోడవైపు తిరిగి ముడుచుకుపోతుంది. దొంగనొప్పి పిల్ల తలుపువైపు తిరిగి, ఎవరైనా వస్తున్నారా అని చూస్తూ మూలుగుతుంది.

నేను తలుపువైపు తిరిగి పడుకుంటున్నాను. నాకు అటు పక్క సుఖం. అంతే, వేరే ఏం లేదు.


ఏప్రిల్ 30

కళ్ళజోళ్ళాయన పరామర్శకి వచ్చాడు. బత్తాయిలు తెచ్చాడు. మూలుగుతూ ఉండగా బత్తాయిలు తెచ్చే మనిషిని ఏమనాలి. "తొందరేం లేదండీ, అమ్మగారికి కాస్త కుదుటపడ్డాకే పెట్టుకుందాం" అన్నాడు. బుల్లి తల ఊపింది. కుదుటపడటం నా చేతిలో ఉంది కదా అనుకున్నాను. అనుకోవడం వేరు, చెయ్యడం వేరు.

వాళ్ళు తలుపు దగ్గర మాట్లాడుకుంటుంటే మూలుగు కాస్త పెంచాల్సి వచ్చింది.


మే 7

డాక్టరు మళ్ళీ ఫొటో తీయించింది. కొత్తగా ఏమీ విరగలేదట. పాత గాయం బాగా అతుక్కుంటోందట. ఫొటో వైపు చూసింది, నా వైపు చూసింది.

"మరి లేవడం లేదేం అమ్మా?"

"నొప్పి."

"నొప్పి ఉండొచ్చు. కాదనను. కానీ మీరు నడవాలి. మంచం మీదుంటే ఎముక ఇంకా కరిగిపోతుంది. బరువు మోస్తేనే ఎముక గట్టిపడేది. మంచం మీకు మందు కాదు, మంచం తినేస్తుంది మిమ్మల్ని."

ఏడాదికోసారి నరంలోంచి ఎక్కించే మందు ఒకటుందట, ఎక్కిద్దామంది. ఆలోచిస్తానన్నాను. కుర్రకారు ప్రతిదానికీ సూదంటారు. బుల్లి మాత్రం దారంతా, "నడవాలి వదినా, నడవాలి" అంటూ వచ్చింది. డాక్టరు చెప్పిన ముక్క దానికి మూడే మాటల్లో మిగిలింది.

బుల్లి బజారుకి వెళ్ళినప్పుడు నడుస్తున్నాను. గదులన్నీ తిరుగుతున్నాను. పక్క దులుపుకుంటున్నాను, అద్దాలు తుడుస్తున్నాను. మెట్ల మీద అడుగుల చప్పుడైతే మంచం ఎక్కేస్తున్నాను. ఎవరైనా చూస్తే నవ్వుతారు. చూడ్డానికి ఎవరూ లేరు.


మే 16

ఈ రోజు తలుపు వెనక నిలబడి విన్నాను. వినాలని కాదు, మంచినీళ్ళకి లేచాను.

బుల్లి అంటోంది: "మీరు ఎదురుచూడకండి. వదినకి నేను తప్ప ఎవరున్నారు?"

"నేను ఎదురుచూడగలనండీ. దుకాణంలో కూర్చునే కదా ఉంటాను."

"వద్దు. అలా కూర్చోబెట్టడం నాకిష్టం లేదు. ఇంతే అనుకుందాం."

తర్వాత ఆ తుడిచిన బూట్లు మెట్లు దిగడం. నిదానంగా.

అయిపోయింది. పీడ విరగడైంది.


మే 18

ఇల్లు ప్రశాంతంగా ఉంది.


మే 23

బుల్లి గిన్నెలు మాడ్చడం లేదు. పాలు పొంగించడం లేదు. బెల్టు ఒక్కసారికే సరిగ్గా కడుతోంది. పొద్దున్నే దుంగ అని అరవడం లేదు, వచ్చి చెయ్యి అందిస్తుంది, అంతే. ఏమన్నా అంటే "సరే వదినా." పులుసులో ఉప్పు లేదన్నాను, ఉన్నా సరే. "సరే వదినా," అని తెచ్చి వేసింది. ఉప్పుకషాయం అయింది. నేను తిన్నాను.

కూనిరాగం లేదు. వినలేక చచ్చేదాన్ని కదా. ఇప్పుడు గోడ గడియారం వినిపిస్తోంది. ఈ గడియారం ఇంత మోత చేస్తుందని నాకు తెలీదు.

తిట్టడానికి ఒక్క వంకైనా మిగల్చకుండా ఉంటే మనిషి ఎలా బతకాలి?


మే 29

కళ్ళజోడు పెట్టుకోవడం మానేసింది. కూరగాయలు కోస్తూ వేలు కోసుకుంది. ఏడవలేదు. నీళ్ళ కింద పెట్టి చూస్తూ నిలబడింది, ఎవరిదో వేలైనట్టు.


జూన్ 2

బుల్లి బజారుకి వెళ్ళింది. నేను కిందికి దిగాను.

బెల్టు సగమే కట్టుకోగలిగాను, ముందు పట్టీలు మాత్రం. గోడ పట్టుకుని, ఒక్కో మెట్టుకీ ఆగి. మధ్యలో కింద వాటా కోడలు ఎదురై, "అయ్యో పెద్దమ్మా, మీరు మంచం మీద కదా!" అంది. దాని చెప్పులు ఇంకా కరుస్తూనే ఉన్నాయి.

దుకాణంలో ఆయన ఒక్కడే ఉన్నాడు. ఏదో కళ్ళజోడు గుడ్డతో తుడుస్తున్నాడు. నన్ను చూసి లేచి కుర్చీ లాగాడు. మెత్తటి కుర్చీ. అందులో పడితే లేవలేను. నిలబడే మాట్లాడాను.

"ఏమండీ, మీరు మగవారేనా?"

"అమ్మగారూ?"

"వద్దంటే దులుపుకుని వచ్చేయడమేనా? రెండోసారి అడగడానికి నోరు పడిపోయిందా?"

"ఆవిడ స్పష్టంగానే చెప్పారండీ. మిమ్మల్ని వదిలి రానని. అలా చెప్పిన మనిషిని వేధించడం సంస్కారం కాదు కదా."

"సంస్కారమా! మీసానికి రంగేసుకునేటప్పుడు ఏమైంది సంస్కారం?"

మీసం తడుముకున్నాడు. ఎర్రబడ్డాడు. ఈ వయసులో ఎర్రబడే మనిషి ఎంత బలహీనుడో! కానీ ఆ చేతిలో కళ్ళజోడు ఎవరిదో చూశాను. బుల్లిది. ముక్కు దగ్గర మెత్తలు మారుస్తున్నాడు.

"ఇక్కడ వదిలేసి వెళ్ళారండీ ఆవిడ," అన్నాడు. "ఎప్పుడైనా వస్తే సిద్ధంగా ఉండాలని."

"అది రాదు. పైకి తీసుకెళ్ళి ఇవ్వాలి. అద్దాల్లేక వేళ్ళు కోసుకుంటోంది. నాకు తగ్గిపోయింది. చూస్తున్నారుగా, నిలబడ్డాను. ఇంక నా పేరు చెప్పుకుని ఇద్దరూ ముసిలి ప్రేమికుల వేషాలు వెయ్యకండి. ఆ రిజిస్ట్రారు ఆఫీసులో తారీఖు తీసుకోండి. బాజాలూ భోజనాలూ నేను భరించలేను."

"మరి మీరు...?"

"నాకేం? నేను దుంగని. దుంగకేమవుతుంది!"

నవ్వాడు. ఆ నవ్వు బాగుంది, ఒప్పుకోవాలి. పళ్ళు కట్టుడువి కావు.


జూన్ 5

అద్దాలు పైకి వచ్చాయి. అద్దాలతో పాటు ఆయన కూడా. నేను వంటింట్లో ఉన్నాను, రెండు గంటలు కాఫీ పెట్టాను. వచ్చే శుక్రవారం రిజిస్ట్రారు దగ్గర పెళ్ళి. బుల్లి నా దగ్గరికి వచ్చి, "నిజంగా తగ్గిందా వదినా?" అని నా మొహంలోకి వంగి చూసింది.

"నీకంటే బాగున్నాను. పక్కకి తప్పుకో, గాలి రావట్లేదు."

సాయంత్రం గిన్నె మాడింది.


జూన్ 8, సోమవారం

బుల్లి పెళ్ళికి నేనేం ఇవ్వాలి? హాస్టల్ వదిలినప్పుడు పిల్లలిచ్చిన శాలువా ఉంది, ఎప్పుడూ కప్పుకోలేదు. దాన్ని ఇస్త్రీ చేయించుకుని వస్తున్నాను. పైన ఇంకో మెట్టు ఉందనుకున్నాను. లేదు. కాలు గాల్లో పడి, మడమ ధనామని నేలకి తగిలింది. పడలేదు. పడలేదు గానీ ఆ దెబ్బ మడమ నుంచి పైకెక్కి నడుం దగ్గర ఆగింది. ఈసారి చప్పుడు నాకు బాగా తెలుసు.

శాలువా మడత నలగలేదు.


జూన్ 9

గోడవైపు తిరిగి పడుకున్నాను.


జూన్ 10

పొద్దున బెల్టు కడుతుంటే కళ్ళముందు చుక్కలు. "బిగువైందా వదినా?" అంది. లేదన్నాను. దుంగలా దొర్లుతుంటే దుప్పటి అంచు నోట్లో పెట్టుకున్నాను.

చెబితే శుక్రవారం ఆగిపోతుంది. ఆగిపోతే మళ్ళీ తారీఖు తీసుకునేంత మొండితనం ఆ ఇద్దరిలో ఒక్కరికీ లేదు. ఇద్దరూ మెత్తనివాళ్ళు, అడుగడుగునా ఒకరికొకరు దారిస్తూ గుమ్మంలోనే నిలబడిపోయే రకం. ఎవరో ఒకరు వెనకనించి తొయ్యాలి.

రెండు రోజులు. రెండు రోజులు ఎవరైనా ఓర్చుకుంటారు.


జూన్ 13

చెయ్యి కాస్త ఆడుతోంది. ఆస్పత్రి మంచం. నిన్నటి సంగతి రాయాలి, లేకపోతే బుల్లి నోట్లో పడి ఇంకో రకంగా తయారవుతుంది.

రిజిస్ట్రారు ఆఫీసులో గుమాస్తా కాగితాల్లోంచి తలెత్తకుండా, "అమ్మాయి ఎక్కడండీ, ఇంకా రాలేదా?" అన్నాడు. "నేనేనండీ అమ్మాయిని," అంది బుల్లి. ఆ గుమాస్తాకి కలం కింద పడింది. కళ్ళజోళ్ళాయన వంగి తీసిచ్చాడు. అంత సులువుగా వంగే మనుషులంటే నాకిప్పుడు కడుపుమంట.

సాక్షి సంతకం పెట్టాను. అక్షరాలు వంకర పోలేదు. ఆయన తరఫున ఆయన తమ్ముడు పెట్టాడు, కోడి గీకినట్టు. "ఇంక మీరు నాకు అక్కయ్యగారు," అన్నాడు పెళ్ళికొడుకు. "ఉన్న బంధువులతోనే చస్తున్నాను," అన్నాను.

అప్పుడు బుల్లి చేతులు చాచుకుని వచ్చింది. వస్తోందని కనిపిస్తూనే ఉంది, తప్పుకోవచ్చు. తప్పుకోలేదు. పట్టుకుంది. ఆ రెండు చేతుల మధ్య నా వెన్నంతా అప్పడంలా నలిగింది. గది తెల్లబడింది. అరవలేదు. శాలువా దాని భుజాల మీద వేసి, బల్ల మీద కూర్చున్నాను.

"పదండి వెళ్దాం," అన్నారెవరో.

"మీరు నడవండి. నేను కాసేపు కూర్చుని వస్తాను."

లేవలేనని నాకు అప్పటికే తెలుసు. కాళ్ళు చెప్పిన మాట వినడం లేదు.

అందరి బూట్లూ తలుపువైపు కదిలాయి. ఒక జత ఆగింది, వెనక్కి వచ్చింది. బుల్లి నా ముందు నేలమీద కూలబడింది, ఆ మోకాళ్ళతో, పెళ్ళి బట్టల్లో, ఆ మురికి నేలమీద. అప్పుడు గానీ దాని మొహం నాకు కనపడలేదు. కళ్ళజోడు ముక్కు మీద తిన్నగా కూర్చుంది.

"ఎప్పుడు విరిగింది వదినా?"

"ఏం విరిగింది? లే. బట్టలు పాడవుతాయి."

"సోమవారం నుంచి నువ్వు నన్ను సరిగ్గా తిట్టలేదు."

"తిట్టడానికి తీరిక లేక."

"నొప్పి లేనప్పుడేమో వీధి చివరి దాకా వినపడేలా మూలిగావు. ఇప్పుడు పెదవి కొరుక్కుంటున్నావు. రక్తం వస్తోంది చూడు." కొత్త చీర కొంగుతో తుడిచింది.

నొప్పి లేనప్పుడు, అంది. ఎంత మామూలుగా అంది!

"నీకు తెలుసా?"

"తెలీకేం? బజారు నుంచి వచ్చేసరికి పక్క దులిపి ఉండేది, అద్దాలు తుడిచి ఉండేవి. మనింట్లో దెయ్యాలున్నాయా?"

"తెలిసి కూడా ఆయన్ని పొమ్మన్నావా? నీ అంత తెలివితక్కువది భూమ్మీద ఉంటుందా? తెలిసి కూడా!"

"మరి నువ్వు ఉండమన్నావు కదా."

"నేనెప్పుడన్నాను?"

"అదే వదినా. మూలిగావుగా." నా చెయ్యి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. "నేను ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ పొమ్మని నువ్వు రకరకాలుగా చెప్పావు. ఉండమని చెప్పడం అదే మొదటిసారి. కాదనడానికి నాకు నోరు రాలేదు."

తర్వాత స్ట్రెచర్ వచ్చింది. మెట్లు దింపుతుంటే పైకప్పు, దీపాలు, జనం మొహాలు కనిపించాయి. ఒక్కటీ చూడదగ్గది కాదు. ఆ గుమాస్తా ఏడుస్తున్నాడు, ఎందుకో ఏమో, నోరు తెరుచుకుని.


జూన్ 15

డాక్టరు పిల్ల వచ్చి తిట్టింది. తిట్టడం తెలుసు దానికి, ఆశ్చర్యం. ఇన్ని రోజులు విరిగిన వెన్నుతో నడవడం వీరత్వం కాదట, తెలివితక్కువతనమట. ఆ మాట నా మొహం మీద అన్న మొదటి మనిషి. నరంలోంచి మందు ఎక్కించారు. ఒళ్ళంతా జ్వరం వచ్చినట్టుంది. రేపటికి తగ్గుతుందట. గూని తగ్గదు, ఎత్తు తిరిగి రాదు, మిగిలిన పూసల్ని కాపాడుకోవడమే పని అంది. మెట్లున్న ఇంటికి వెళ్ళడానికి వీల్లేదంది. వంతెన అవతల ఇంట్లో కింద గది సంగతి బుల్లి అప్పుడే దీనికి చేరవేసినట్టుంది. ఆలోచిస్తానన్నాను. గది గోడల రంగేమిటో ముందు చూడాలి.

బుల్లి పొద్దున్నుంచీ ఇక్కడే. పెళ్ళై మూడు రోజులు, మొగుడు వరండాలో పత్రిక చదువుకుంటూ కూర్చున్నాడు. చదివిందే చదువుతున్నట్టున్నాడు. వెళ్ళమన్నాను.

"వెళ్ళనా వదినా?"

"వెళ్ళు. నీ ఊపిరికే నాకు జ్వరం పెరుగుతోంది."

సంచి తీసుకుంది. దిండు సర్దింది, అంతకుముందే సర్దిన దిండు. తలుపు దాకా వెళ్ళింది.

"బుల్లీ."

"ఏంటి వదినా? నొప్పా? నర్సుని పిలవనా?"

"నొప్పేం లేదు. రేపు రా."

అక్కడే ఆగిపోయింది. "ఎందుకు?"

ఎంత మొద్దు మొహమో! ప్రతిదానికీ ఎందుకట.

"ఊరికే," అన్నాను.

తలుపు వెయ్యకుండా వెళ్ళింది, మూర్ఖురాలు. నేనూ వెయ్యమనలేదు.